అంగడి సరుకు – అమ్మువాని ధర్మము

వర్తక ధర్మమును గూర్చి పెద్దలు చెప్పిన మాటలలో తూకము, కొలత, వెల అను మూడింటికే ప్రాముఖ్యము కనిపించును. తూకపు రాళ్లు సరిగా ఉండవలెను. కొలతలో తరుగు ఉండరాదు. ఆపదలో నున్నవాని యొద్ద అధిక ధర గుంజరాదు. ఈ మూడును కొనువాడు వచ్చి అంగడి ముందు నిలిచిన పిమ్మట జరుగు సంగతులు. అంతకు ముందే, కొనువాడు ఇంకను తన ఇంటిలో ఉండగనే, అంగడివాడు ఒంటరిగా కూర్చుండి చేయు నిర్ణయము ఒకటి కలదు. ఏ సరుకు ఎంత తెప్పింపవలెను? దీనిని లోకము కేవలము లాభనష్టముల లెక్కగా తలచును. ఇందులో ధర్మమునకు చోటు కలదా యను ప్రశ్న సాధారణముగ ఎవ్వరికిని తోచదు. కొంచెము నిదానించి చూచినచో, తప్పుడు తూకమువలె ఇదియు ఒకరి కడుపు కొట్టగలదనియు, దాని జాడ మాత్రము ఎచ్చటను కనిపించదనియు తెలియును.

ఇపో నగరములో లహాట్ రోడ్డు పరిసరములందలి లిటిల్ ఇండియా వీథులు అందరును ఎరిగినవే. బియ్యపు బస్తాలు, పప్పులు, మసాలా దినుసులు, పూలదండలు, ఇత్తడి దీపములు, చీరలు ఒకదాని ప్రక్క ఒకటి అమరియుండును. అచ్చట ఎక్కువగా వినవచ్చు భాష తమిళము. ఏలయనగా కొనువారిలో తమిళులే అధికులు. తెలుగువారు కొద్దిమంది. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల నుండి ఓడలెక్కి వచ్చి, దిగువ పేరాక్‌లోని బాగన్ డాటో కొబ్బరి తోటలలోను, తెలుక్ ఇంటాన్ చుట్టుపట్ల తోటలలోను, మరికొన్ని రబ్బరు తోటలలోను పని చేసినవారి మనుమలు, మునిమనుమలు వీరు. తోటలు విడిచి పట్టణము చేరిన ఈ కుటుంబములకు బియ్యము, చింతపండు, మిరపకాయలు అందరితోపాటే దొరకును. ఆవకాయకు వలయు ఆవపిండి, గోంగూర పచ్చడి, కందిపొడి వంటివి మాత్రము అడిగి తెప్పించుకొనవలసిన వస్తువులు. వీటన్నిటిలో ఈ విచారణకు మిక్కిలి అనువైనది తెలుగు పంచాంగము.

పంచాంగము ఉగాదినాడు ప్రాణము పోసుకొని, మరుసటి ఉగాదికి చిత్తు కాగితమగు వస్తువు. నిలువయున్న పప్పు వచ్చు నెలలో అమ్ముడుపోవును. నిరుటి పంచాంగమును ఉచితముగ ఇచ్చినను పుచ్చుకొనువారు ఉండరు. అది తెలుగుదేశమున అచ్చయి, సముద్రము దాటి, ఉగాదికి ముందే అంగడి చేరవలెను. చాలలేదని మరల వ్రాసి తెప్పించులోపల పండుగ గడచిపోవును. కనుక లెక్క ఒక్కసారియే వేయవలెను. (అందులోని తిథుల వేళలు భారతదేశపు గడియారమునకు చెందినవి. 1982 జనవరి 1 నుండి ఇచ్చటి గడియారము దానికి రెండున్నర గంటలు ముందున్నది. ఆ సంగతి మరచి తిథిని చూచుకొనువారు ఈనాటికిని లేకపోలేదు. అది వేరు కథ.)

లెక్క కొరకు ఒక ఉదాహరణమును కల్పించుకొనవచ్చును. పంచాంగము ఒక్కింటికి అంగడివానికి 6 రింగిట్లు పడుననియు, దానిని 10 రింగిట్లకు అమ్ముననియు అనుకొనవలెను. అమ్ముడుపోయినచో 4 రింగిట్లు లాభము. మిగిలిపోయినచో 6 రింగిట్లు నష్టము. ఏటేట అడుగువారు 11 మందికి తగ్గరు, 30 మందికి మించరు; నడుమ ఏ సంఖ్యకైనను అవకాశము సమానమే. అంగడివాడు ఎన్ని తెప్పింపవలెను?

ఇట్టి ప్రశ్నను 1888లో ఎడ్జ్‌వర్త్ అను ఆర్థికవేత్త బ్యాంకుల విషయమున విచారించెను. ఖాతాదారులు ఏనాడు ఎంత సొమ్ము అడుగుదురో తెలియనపుడు, బ్యాంకు ఎంత రొక్కము చేతిలో ఉంచుకొనవలెను? తరువాతి కాలమున ఇది దినపత్రికలు అమ్మువాని లెక్క అను పేరుతో ప్రసిద్ధి కెక్కినది; ఉదయమున కొన్న పత్రిక సాయంత్రమునకు వట్టి కాగితము గదా. దాని సారము క్లిష్టమైనది కాదు. ఒకటి తక్కువైనపుడు చేజారు లాభమును, ఒకటి ఎక్కువైనపుడు కలుగు నష్టమును కలిపి, ఆ మొత్తములో చేజారు లాభము ఎంత భాగమో చూడవలెను. ఇచ్చట 10లో 4, అనగా నూటికి 40. తెప్పించిన సరుకు అందరికిని చాలు అవకాశము నూటికి 40 అగువరకు తెప్పించి, అచ్చట ఆగవలెను. ఆ ప్రకారము 18 పంచాంగములు తెప్పించుట లాభకరము. సగటున ఏటికి 58 రింగిట్లు మిగులును. అంతకంటె ఎక్కువ మిగుల్చు సంఖ్య మరియొకటి లేదు.

ఈ లెక్కలో తప్పు లేదు. కాని దాని ఫలితమును తిరగవేసి చదువవలెను. 18 మాత్రమే తెప్పించు అంగడిలో, 20 ఏండ్లకు 12 ఏండ్లు ఎవరో ఒకరు వచ్చి, లేదనిపించుకొని వెళ్లుదురు. లెక్క తెలిసిన వర్తకుడు సగముకంటె ఎక్కువ సంవత్సరములు కడపట వచ్చినవానిని వెనుకకు పంపుటకు ముందుగనే నిశ్చయించుకొన్నాడన్నమాట. అతడు ఎవ్వరిని మోసగింపలేదు. తూకము సరి, వెల సరి, మాట మర్యాద సరి. అయినను ఒక ఇంట ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగలేదు.

లెక్క విడిచిపెట్టినది ఇదియే. ఒకటి తక్కువైనపుడు పోవునది అని అందులో వ్రాసికొన్నది అంగడివానికి పోవు 4 రింగిట్లు. ఇంటివారికి పోవునది అందులో చేరలేదు. సామాన్యముగ దానిని చేర్చనక్కరయు లేదు. ఒక కొట్టులో కందిపప్పు లేకపోయిన, ప్రక్క కొట్టులో ఉండును. ఇంటివారి నష్టము పది అడుగుల నడక. తెలుగు పంచాంగము ప్రక్క కొట్టులో దొరకదు. ఏ వస్తువును కొద్దిమంది మాత్రమే అడుగుదురో, అది మరియొక చోట దొరకు అవకాశమును అంత తక్కువ. దొరకనప్పుడు కలుగు లోటు ఎచ్చట ఎక్కువో, అచ్చటనే ఈ లెక్క మిక్కిలి చెవిటిదగును. ఎక్కువమంది అడుగు వస్తువుకు బజారు తానే కాపలా కాయును. కొద్దిమంది వస్తువుకు ఒక్క అంగడివాని తలపు తప్ప వేరు దిక్కు లేదు. రెండు మూడు ఏండ్లు లేదనిపించుకొన్న ఇల్లు నాలుగవ ఏట అడుగుట మానును. ఆ ఇంటి పిల్లలకు అట్టి వస్తువు ఒకటి కలదనియే తెలియదు.

మరి ఆ లోటును తప్పించుటకు ఎంత ఖర్చగును? ఇదియు లెక్క వేయదగినదే. 18కి బదులు 24 తెప్పించినచో, సగటు లాభము 58 రింగిట్ల నుండి 50 రింగిట్ల 50 సెన్లకు తగ్గును. తగ్గినది 7 రింగిట్ల 50 సెన్లు. వెనుకకు పంపవలసిన సంవత్సరములు 20కి 12 నుండి 6కు దిగును. 30 తెప్పించినచో ఒక్కరును వెనుదిరుగరు. లాభము 25 రింగిట్లకు పడిపోవును. అనగా మొదటి సగము పుణ్యము చౌక, రెండవ సగము ప్రియము. ధర్మము కొలతలకు అందనిదని చెప్పుట వాడుక. అంగడిలో అది చాలవరకు కొలతకు అందును. అందునపుడు కొలిచి చూడకుండుట ఒక విధమైన సోమరితనమే.

ఇచ్చట అంగడివాని పక్షమున చెప్పవలసినది చాల కలదు. కొట్టులో ఉన్నది పంచాంగ మొక్కటియే కాదు. చిల్లర కొట్టులో వందల రకముల సరుకు ఉండును. ఒక్కొక్క రకమున 7 రింగిట్ల 50 సెన్లు విడుచుచు పోయినచో, 200 రకములకు 1,500 రింగిట్లగును. ఆ సొమ్ము అతని పిల్లల చదువునకో, కొట్టు అద్దెకో చెందవలసినది. అందరికిని అన్నియు ఉంచెదనని బయలుదేరినవాడు, కొంతకాలమునకు ఎవ్వరికిని ఏమియు ఉంచలేనివాడగును. మూతపడిన అంగడి కంటె పెద్ద లేమి ఏమున్నది? కనుక ఉదారత అన్ని సరుకులపైన సమానముగ చల్లదగినది కాదు. మరియొక చోట దొరకునది, పది దినములు ఆగగలది, ఒకదానికి బదులు మరియొకటి వాడుకొనదగినది – వీటి విషయమున శుద్ధమైన లాభపు లెక్కయే చాలును. మరెచ్చటను దొరకనిది, ఆగలేనిది, బదులు లేనిది ఏ కొట్టులోనైనను పదియో పదునైదో ఉండును. ధర్మ విచారణ వాటికే.

అంతియేకాక, ఎక్కువ తెప్పించిన సరుకు తన వెంట అబద్ధమును తెచ్చుకొను ప్రమాదము కలదు. గడువు దాటిన పొడుల పొట్లములపై తేదీని చెరిపి అమ్ముట, పుచ్చిన పప్పును మంచి పప్పులో కలుపుట, నిన్నటి పూలపై నీళ్లు చల్లి నేటివని చెప్పుట మొదలగునవి పుట్టుకతో దుర్మార్గులైనవారు మాత్రమే చేయు పనులు కావు. లెక్క మించి తెప్పించి, సొమ్ము ఇరుక్కొనిపోయినవాడు ఒక సాయంకాలము తొలిసారి చేయు పనులు. అప్పటికి తప్పు జరిగిపోయినట్లే; అది జరిగినది అమ్మునాడు కాదు, తెప్పించినాడు. పైగా ఆ సరుకు తరచుగా అతని సొంత సొమ్ముతో తెచ్చినది కాదు. మొత్తపు వర్తకుడు అరువిచ్చిన సరుకును అతిగా తెప్పించుట, ఇతరుల సొమ్ముతో పందెము కాయుటయే.

ఆ పందెము ఎట్లు తిరగబడునో ఇపోవారికి చెప్పనక్కరలేదు. ఈ నగరము తగరముపై లేచినది. 1985 అక్టోబరు 24న అంతర్జాతీయ తగర మండలి తన బాకీలు తీర్చలేనని చేతులెత్తివేయగా, లండను విపణిలో తగరపు వ్యాపారము నిలిచిపోయినది. కింటా లోయలో గనులు మూతపడసాగినవి. ఆ ఏటి దీపావళి నవంబరులో. పండుగ సరుకును నెలల ముందే పలుకు వాడుక గల వ్యాపారములో, అట్టి వార్తను ఎవరు ముందుగ లెక్క కట్టగలరు? నిరుడు ఇంత అమ్మితిని కనుక ఈ ఏడును అంతయే అమ్ముదునను లెక్క, లోకము నిరుటివలె ఉన్నంతవరకే నిలుచును.

తోటల కాలమున ఈ ప్రశ్న మరింత తీవ్రముగ ఉండెడిది. తోటలో కొట్టు సాధారణముగ ఒక్కటియే. కూలి నెలకొకసారి వచ్చును; నెల పొడవునను సరుకు అరువే. మలయ్ భాషలో ‘బుకు తిగ లిమ’ అని పిలువబడు 555 పుస్తకము, జేబులో పట్టు ఆ చిన్న పుస్తకము, అరువు లెక్కలకు పెట్టినది పేరు. కొట్టువాడు ఏది తెప్పించిన జనము అదియే తినిరి. అతడు ఉప్పుచేపలు తెప్పించిన వారము ఉప్పుచేపలు, పప్పు తెప్పించిన వారము పప్పు. వేరు కొట్టునకు పోవుటకు దారియు దూరమే, చేత రొక్కమును లేదు. అట్టి చోట సరుకు పట్టికను వ్రాయు చేయి ఎందరి ఇండ్లలోనో వంటను నిర్ణయించు చేయి. కాని కొట్టువాని తలపైనను కత్తి వ్రేలాడుచుండెడిది. 1930 నాటి ఆర్థిక మాంద్యమున రబ్బరు ధర పడిపోగా, కూలీలను వేలాదిగా ఓడలెక్కించి భారతదేశమునకు పంపివేసిరి. తోట ఖాళీ యైనపుడు సరుకు మాత్రము మిగిలినది కాదు; పుస్తకములోని బాకీలును మిగిలినవి. చిల్లర వర్తకుడు నిలువచేయునది సరుకునే యనుకొందురు. అరువిచ్చువాడు మనుష్యుల రేపటి దినమును కూడ నిలువచేయుచుండును.

ఇంతవరకు చెప్పినది లేమిని గూర్చి. నిలువను గూర్చిన పాత ధర్మశాస్త్రములు ముఖ్యముగ పట్టించుకొన్నది దీనికి ఎదురు దోషమును. కౌటిల్యుని అర్థశాస్త్రము స్వదేశపు సరుకుపై నూటికి 5, పరదేశపు సరుకుపై నూటికి 10 లాభమును అనుమతించి, వర్తకులు కూడబలుకుకొని సరుకును అడ్డగించినచో వేయి పణముల దండనను విధించినది. అనుమతి లేక చేర్చిన ధాన్యపు నిలువలను పణ్యాధ్యక్షుడు స్వాధీనపరచుకొనవచ్చునన్నది. ఇస్లాం ధర్మములోను ధర పెరుగుట కొరకు సరుకును దాచుట ‘ఇహ్తికార్’ అను పేర నిషిద్ధము. కరవులు చూచిన జాతులన్నియు ఈ విషయమున ఒక్క మాటయే పలికినవి. జపానువారి ఏలుబడిలో, 1942 నుండి 1945 వరకు, బియ్యము కరవై కర్రపెండలముతో కడుపు నింపుకొన్న మలయా దేశమునకు ఆ మాట పుస్తకములలోది కాదు.

ఈ కాలమున ఈ ప్రశ్న ఎట్లు వచ్చునో 2023 చూపినది. ఆ ఏడు జూలై 20న భారత ప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించెను (2024 సెప్టెంబరులో ఆ నిషేధమును తొలగించెను). 2023 సెప్టెంబరు 1 నుండి మలేసియాలో దిగుమతి తెల్లబియ్యము ధర టన్నుకు 2,350 రింగిట్ల నుండి 3,200 రింగిట్లకు పెరిగినది. కిలో 2 రింగిట్ల 60 సెన్లకు ప్రభుత్వము కట్టడి చేసిన స్థానిక బియ్యము కొంతకాలము అంగళ్లలో కంటికి కనిపించుట కష్టమైనది. ఆగస్టు నెలాఖరున, ధర పెరుగునని తెలిసిన చిల్లర వర్తకుడు మామూలుగా తెప్పించు 20 బస్తాలకు బదులు 40 తెప్పించెననుకొనవలెను. అది ముందుచూపా, దాపరికమా? సంఖ్యను బట్టి చెప్పుట అసాధ్యము. రెండును అవే 40 బస్తాలు. వాటిని వీథివైపు గదిలో పేర్చి, వచ్చిన ప్రతి ఇంటికిని మామూలుగా కొను కొలత ప్రకారము, కొన్న ధరపై మామూలు లాభమునకు అమ్మినచో అది ముందుచూపు. అతని వాడుకదారులు ఒక నెల నిబ్బరముగ నిదురింతురు. వెనుక గదిలో పేర్చి, బియ్యము లేదని చెప్పి, ఒకటవ తేదీ కొరకు ఎదురుచూచినచో అది దాపరికము. కొందరు ఆర్థికవేత్తలు దీనికి ఒక సమర్థన చెప్పుదురు: నేడు దాచినవాడు రేపటి కరవులో సరుకును బయటికి తెచ్చును గనుక, అతడును ఒక విధమైన కోశాధికారియే యని. ఏడాది పంటను కాచు ధాన్యాగారము విషయమున ఆ వాదనలో కొంత నిజము కలదు. లేదను అబద్ధమును ముఖము మీద చెప్పు చిల్లర కొట్టునకు అది చెల్లదు.

మహాభారతము శాంతిపర్వములోని తులాధారుని కథ ఈ సందర్భమున జ్ఞప్తికి రాక మానదు. జటలలో పక్షులు గూడు కట్టుకొన్నను కదలక తపస్సు చేసిన జాజలి, ధర్మమున తనంతవాడు లేడని గర్వింపగా, వారణాసిలో సరుకులమ్ము తులాధారుని చూడుమని ఆకాశవాణి పలికినది. తన త్రాసు అందరికిని సమముగ నిలుచునని ఆ వర్తకుడు తపస్వికి ధర్మము బోధించెను. ఈ కథను చెప్పుకొనువారు త్రాసు వద్దనే ఆగిపోవుదురు. తులాధారుడు ఏ సరుకు ఎంత నిలువ ఉంచెను, ఎవరిని తలచుకొని ఉంచెను అని అడిగినవారు అరుదు. అందరియెడ సమత్వమును త్రాసులో మాత్రమే పాటించి, సరుకు పట్టికలో ఎక్కువమంది వాడుకనే చూచినవాని సమత్వము సగమే గదా.

అయినను భారమంతయు అమ్మువానిపై మోపుట న్యాయము కాదు. నెల సరుకంతయు హైపర్‌మార్కెట్‌లో కొని, అచ్చట దొరకని ఆవపిండికిని పంచాంగమునకును మాత్రము చిన్న కొట్టునకు వచ్చి, లేదన్నచో కోపగించు వాడుకదారునికి ఆ కోపము చేయు హక్కు ఎంత కలదు? చిన్న కొట్టువాడు పంచాంగములపై విడుచు 7 రింగిట్ల 50 సెన్లు బియ్యము, నూనె, పప్పులపై వచ్చు లాభములోనుండి రావలెను. ఆ లాభమును వేరు చోటికి మరల్చినవాడు, తన పంచాంగమును తానే దూరము చేసికొన్నవాడు. 2020 మార్చి 18న చలన నియంత్రణ ఉత్తర్వు అమలగుటకు ముందటి దినములలో అంగళ్లను ఊడ్చినవారు వర్తకులు కారు, కొనువారే. దాపరికము వంటయింటి గూటిలోను జరుగును.

కొనువాడు చేయగల మేలు ఒకటి కలదు. దానికి పైకము అక్కరలేదు. పంచాంగము కావలెనని మాఘమాసములోనే ఒక మాట చెప్పుట. పైన చెప్పిన లెక్కలోని కష్టమంతయు, అడుగువారు 11 మందియో 30 మందియో తెలియకపోవుట వలన వచ్చినది. 22 ఇండ్లవారు ముందుగ పేర్లు చెప్పినచో, 22 తెప్పించుటలో ఎవరికిని నష్టము లేదు. 18, 24, 30 అను మీమాంసయే ఉండదు. చెప్పి, రాకుండుట మాత్రము చెప్పకుండుటకంటె చెడ్డది.

అమ్మువాని వైపునను సరిచేయవలసిన పుస్తకము ఒకటి కలదు. 18 పంచాంగములు అమ్మిన కొట్టు లెక్కలో 18 అనియే ఉండును. తిరిగిపోయిన ఐదుగురో ఆరుగురో అందులో ఎచ్చటను లేరు. మరుసటి ఏడు అంగడివాడు ఆ పుటను తెరచి, అడిగినవారు 18 మందియే యని నిజాయితీతోనే నమ్మును. జాగ్రత్తపరుడైనచో 16 తెప్పించును. అమ్మిన లెక్క అడిగిన లెక్క కాదు. కావున 555 పుస్తకము చివర ఒక పుటను విడిచి, లేదని పంపిన ప్రతివాని పేరును, అడిగిన వస్తువును, తేదీని అందులో వ్రాసి ఉంచవలసియున్నది. పంచాంగముల కొరకు మరల ఉత్తరము వ్రాయునాడు మొదట తెరువవలసిన పుట అదియే.